అడుగు పక్కన చెప్పు

ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఆ ఫోటో గురువారం పొద్దున ఆరున్నరకు వచ్చింది. శోభారాణి అప్పుడు సంగటికి ఎసరు పెట్టి రాగిపిండి జల్లెడ పడుతూ ఉంది. ఫోను మొగుడు మురళిది. పాలు పోసి వస్తానని పాలకేంద్రానికి పోతూ కిటికీలో ఛార్జింగుకు పెట్టి పోయాడు. అది టింగుమన్నప్పుడల్లా ఆమెకు గుండె జారుతుంది. అంత పొద్దున్నే మంచి కబురు పంపే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

పిండి అంటని చిటికెన వేలితో ఫోను నొక్కింది. బురదలో గుండ్రటి గుంట. గుంట ముందు అంచున గోళ్ళ అచ్చులు, సగం కోసిన నిమ్మకాయలు వరసగా బోర్లించినట్టు. పక్కన కొలతకు పెట్టిన ఒక హవాయి చెప్పు, నల్ల అట్ట, నీలం పట్టీ. కింద సుదర్శన్ రాసిన మాట: ‘పెద్దాయన వచ్చినాడు. మురళన్న చేని గట్టు.’

రాగి కంకి బరువెక్కే కాలంలో ఆ ఊళ్ళో ఎవరూ ఏనుగును ఏనుగు అనరు. పేరు పెట్టి పిలిస్తే వినబడుతుందని, పిలిచారనుకుని వస్తుందని భయం. పెద్దాయన అంటారు. కుప్పానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, అడివి అంచున ఉన్న ఊరది. అవతల కొండ దిగితే తమిళనాడు. పెద్దాయనకు ఆ లెక్కలేవీ పట్టవు.

శోభారాణి జల్లెడ కింద పెట్టేసింది. ఎసరు మరిగి మూత ఎగిరెగిరి పడుతూ ఉంటే చూస్తూ నిలబడిపోయింది. నెల నుంచీ చెబుతూనే ఉంది ఆమె. ఈసారి కంకి బాగా పట్టింది, మన చేను అడివికి అన్నిటికంటే దగ్గర, వస్తాది, వస్తాది అని. ‘నోరు మంచిది చేసుకోవే’ అన్నాడు మురళి. ఇప్పుడు నిజంగా వచ్చాక, చెప్పానే అన్న తృప్తి రవ్వంతైనా లేదామెకు. ఇంకా రావాల్సినవేవో ఉన్నాయనిపించింది.

“అమ్మా, నా ఇంగో చెప్పు దొరికిందా?”

చిన్నది ప్రీతి, ఒంటి చెప్పుతో గడప మీద నిలబడి ఉంది. ఒకటో తరగతి. నిన్న సాయంత్రం నుంచీ ఇదే గోల.

“యాడ పారేసినావో నీకే తెల్దంటివి, నాకెట్ల తెలస్తాదే? కుక్క ఎత్తకపోయుంటాది. ఆ కుక్కని తరమడానికి పోయినావా ఏమన్నా? కరిసిందా? యాదీ కాలు సూపీ!”

“కుక్క ల్యా, ఏమీ ల్యా.”

“వట్టి కాళ్ళతో పోవద్దు. ముల్లు దిగితే సెప్టిక్కయితాది. అక్క పాత బూట్లేసుకో.” మిగిలిన చెప్పును పారెయ్యడానికి మనసొప్పక మంచం కిందికి తోసింది.

మురళి పాలక్యాను మూత మరిచిపోయాడన్న సాకుతో ఆమె పాలకేంద్రానికి పోయేసరికి అక్కడ పదిమంది మూగి ఉన్నారు. నడుమ సుదర్శన్, ఫోను స్పీకరులో పెట్టి అరచేతిలో పట్టుకుని ఉన్నాడు. పాతికేళ్ళవాడు. సొంతంగా టెంపో ఉంది, మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలతాడు. ఊళ్ళో ఏ పనికైనా ముందు నిలబడేదీ, ముందు మాట్లాడేదీ అతనే. ఫోన్లో అవతల ఉన్నది దాసప్ప. అడివి శాఖవాళ్ళ దగ్గర ఏనుగుల జాడ తీసే పని. పాతికేళ్ళుగా వాటి వెనక నడిచి నడిచి, ఆయన మాట కూడా మెల్లగా, నేల చూసి అడుగు వేసినట్టు వస్తుంది.

“ఫోటో సూసినాలేప్పా. నేను రామకుప్పం అవతల ఇంగో మందతో ఉండాను. శనివారం తెల్లారికి గానీ రాలేను. ఇంగేమైనా అడుగులుండాయా ఆడ?”

“ల్యా దాసన్నా. గంగులప్ప గొర్రెల మంద తొక్కేసింది. మోటరు కాడ తడి ఉన్న చోట ఈ ఒగటే మిగిలింది. ఇప్పుడు కరెంటొచ్చి నీళ్ళు పారి అదీ కరిగిపోయింది. ఇంగ ఫోటో ఒగటే.”

“సరే. ఫోటోలో చెప్పెంత, అడుగెంత? స్కేలు పెట్టి సూడు.”

పాలు కొలిచే అమ్మాయి పుస్తకంలోంచి ఎవరో స్కేలు తీసిచ్చారు. సుదర్శన్ ఫోను మీద పెట్టి చూశాడు. “చెప్పు నాలుగు సెంటీమీటర్లు. అడుగు అడ్డంగా ఆరు.”

“నీ చెప్పు నంబరెంతప్పా?”

“తొమ్మిది.”

“తొమ్మిదో నంబరంటే ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. నాలుక్కి ఇరవై ఎనిమిదంటే ఏడింతలు. ఆర్నీ ఏడింతలు చేస్తే నలభై రెండు. అది అడ్డం కొలత. చుట్టుకొలత నూటా ముప్పై పైన. దానికి రెండింతలు పెట్టు. ముందరికాలి అడుగు చుట్టూ రెండుసార్లు దారం చుట్టి ఇప్పితే ఎంతొస్తాదో అంతే పెద్దాయన భుజం ఎత్తు.” అవతల గొణుగుతూ లెక్క కట్టాడు. “ఎనిమిదిన్నర అడుగుల పైమాటే. అంత ఎత్తుదంటే ఒంటి మొగదే అయ్యుంటాది.”

గుంపులో ఎవరో ‘సామీ’ అన్నారు. ఎవరో ఈల వేశారు. శోభారాణి క్యాను మూతను రొమ్ముకు అదిమి పట్టుకుంది.

“నేనొచ్చేదాకా ఆగలేమంటే ఇనండి,” అన్నాడు దాసప్ప. “ఒంటిగా తిరిగే మొగది సప్పుడుకి కొండదారి పడతాది. ఊరి పక్కనుంచి సప్పుడు చెయ్యండి, కొండ పక్క ఇడిసిపెట్టండి. మందగా ఉంటే మాత్రం ఎవురూ టపాకాయ ముట్టియ్యొద్దు. పిల్లల తల్లులుంటాయి. అది ఏరే కత.”

“మంద కాదులే అన్నా, నువ్వే సెప్తివి గదా ఒంటిదని.”

ప్లాను సుదర్శన్ వేశాడు. టపాకాయలు మదనపల్లె నుంచి తెస్తాడు. రేపు శుక్రవారం, పొద్దు మునిగే వేళకు ఊరి మొగవాళ్ళంతా చేని ఈ పక్కన నిలబడాలి. మురళి ఒక్కడు మాత్రం అవతల, వంక అనే చిన్న వాగు మొదట్లో బండ మీద కూర్చోవాలి. పెద్దాయన చేను దాటి వంకలోకి దిగి మామిడితోటల వైపు మళ్ళకుండా, ఊరివైపు మొదటి టపాకాయ మోగగానే అతను కూడా ఒక సరం ముట్టించాలి.

“ఆయనే యాల?” శోభారాణి గొంతు ఆమెకే కీచుగా వినబడింది. “ఒగడే యాల? ఆడ ఫోను కూడా ఎత్తదు. సిగ్నలుండదు. కాలు మడతబడితే? అగ్గిపెట్టె తడిస్తే? ఆయనకు మొన్ననే జరమొచ్చి పోయింది...”

“వదినా, ఆ బండ, ఆ చేను ఆయనవి గదా. దారి ఆయనకే తెలుసు,” అన్నాడు సుదర్శన్.

పాలు పోయడానికొచ్చిన చిన్నక్క చెంబు కింద పెట్టి నవ్వింది. అరవై ఏళ్ళ మనిషి, శోభారాణి పక్కింటి గోడ ఆమెది. “మా శోభమ్మ పుంగనూరు పిల్లప్పా. ఆ ఊరి ఆవు ఈడికుంటాది,” అని మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. “దాన్ని సూసి పెరిగింది గదా, ఈడ బర్రె కూడా కొండంత కనబడతాది దానికి. ఇంగ పెద్దాయనంటే సెప్పాల్నా!”

అందరూ నవ్వారు. మురళి కూడా నవ్వాడు, తల వంచుకుని. శోభారాణి మూత ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది. పుంగనూరు ఆవు అంత పొట్టిదేమీ కాదు, నడుం దాకా వస్తుంది. ఆ మాట దారి పొడుగునా లోపల్లోపల అనుకుంటూ వచ్చింది గానీ అక్కడ అనలేకపోయింది.

శుక్రవారం ఆమెకు ఏ పనీ సాగలేదు. అన్నం అడుగంటింది. కోడి పగటిపూట కూసింది, అది కూడా మనసులో పెట్టుకుంది. మురళి మూడు గంటలకే తిని, టపాకాయల సరం గోనెసంచిలో చుట్టుకున్నాడు. అగ్గిపెట్టెను తడి తగలకుండా పాలిథిన్ కవరులో పెట్టి జేబులో వేసుకున్నాడు.

“ఫోను పెట్టి పోతాండా. ఆడ ఎట్లా ఎత్తదు, పడిపోతే మళ్ళా పదివేలు. మంజు లెక్కలకు కావాలంటాండాది.”

“పోవద్దంటే ఇనవా?”

“ఆర్నెల్ల కష్టమే అది. కోత వారం రోజులుండాది. ఇయ్యాల ఇంట్లో కూసుంటే రేపు గడ్డి కూడా మిగలదు.” గడప దాటి వెనక్కి తిరిగాడు. “గట్టిగా పేరు పెట్టి పిలసద్దు, ఆడికొచ్చి. నీకలవాటు.”

నిజమే, ఆమెకది అలవాటు. పిల్లలు కనబడకపోతే వీధి చివరిదాకా పేరు పెట్టి అరుస్తుంది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీద నిలబడి అరుస్తుంది. ఊళ్ళో పిల్లలు ఆమె గొంతును అనుకరిస్తారు కూడా.

నాలుగున్నరకు పెద్దది మంజు బడి నుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి. పుస్తకాలు మంచం మీద పడేసి ఫోను తీసుకుంది.

“లెక్కల మాస్టారు ఫోటో లెక్క ఇచ్చినాడు మా. ఫోటోలో మనకు నిజం కొలత తెలిసిన వస్తువు ఒగటుండాల. దాన్నిబట్టి రెండోదాని కొలత కనుక్కోవాల. స్కేలు నిష్పత్తి అంటారు దాన్ని. నేను పెద్దాయన అడుగు చేస్తా. ఎవరూ చేసుండరు.”

“వద్దులే అది. చెట్టో, గుడిసో చెయ్యి.”

మంజు వినలేదు. ఫోటోను తెరకు నిండుగా లాగి, కొయ్య స్కేలు ఆనించి, నోట్సులో పెన్సిలుతో రాసుకుంటూ ఉంది. ఫోటోలో నాలుగు, నిజంలో ఇరవై ఎనిమిది. ఒకటికి ఏడు. శోభారాణి పక్కన కూర్చుని ఆ అంకెలు చూస్తూ ఉంది. ఆమె చదువు ఏడుతో ఆగింది. అయినా దాసప్ప నోట విన్నవే కాబట్టి అర్థమవుతూనే ఉన్నాయి. ఏడింతలు. కూతురు ఆ అడుగును ఒక్కొక్క ఇంతా పెంచుతుంటే, దాని పైన కాలు, కాలి పైన పొట్ట, పొట్ట పైన వీపు ఆమె కళ్ళ ముందు లేస్తూ ఉన్నాయి. ఆ వీపు ముందు బండ మీద కూర్చున్న మురళి.

“చెప్పు చివర సరిగ్గా కనబళ్ళేదు, బురద,” అని మంజు ఫోటోను ఇంకా పెద్దది చేసింది. తెరంతా చెప్పు పట్టీ పరుచుకుంది.

నీలం పట్టీ మీద, బొటనవేలు దూరే చోటికి కొంచెం వెనక, పసుపుదారం కుట్టు.

శోభారాణి ఆ కుట్టు చూసింది. నాలుగు పోట్లు, ఐదోది వంకర. పోయిన ఆదివారం తను రవికె అంచుకు వాడిన దారం అది. సూది గట్టి రబ్బరులో దిగక ఐదో పోటు పక్కకు జారింది, వేలికి గుచ్చుకుంది. కుప్పం సంతలో ఒకే కుప్పలోంచి నలుగురికీ కొన్న చెప్పులు. పెద్దవి, చిన్నవి, అన్నీ అదే నలుపు, అదే నీలం. ఫోటోలో చెప్పుకు సైజుండదు.

మంచం కింద చెయ్యి పెట్టి ప్రీతి రెండో చెప్పు లాగింది.

“ఇది కొల్సు.”

“దీన్ని యాల మా?”

“కొల్సే!”

మంజు కొలిచింది. “పద్దెనిమిది.”

“ఫోటోలో ఉండేది దీని జత. బుధవారం మీ నాయన ఎంబడి చేనికి పోయి ఆడ పోగొట్టుకునింది. ఇప్పుడెయ్యి ఆ లెక్క.”

పెన్సిలు మళ్ళీ కదిలింది. నాలుక్కి పద్దెనిమిది. ఒకటికి నాలుగున్నర. ఆరుకు ఇరవై ఏడు. చుట్టుకొలత ఎనభై ఐదు. రెండింతలు, నూటా డెబ్భై.

“ఐదడుగుల ఏడంగుళాలు!” మంజు మొహం విప్పారింది. “మా నాయనంత ఎత్తే మా! సిన్నదే. ఉత్తపుణ్యానికి బయపడితిమి.”

శోభారాణి కూతురు రాసిన అంకెలు మళ్ళీ చూసింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్ళో దేన్ని చూసినా పెద్దదిగా చూసి భయపడింది. మొదటిసారి ఒకటి చిన్నదని తేలింది. ఆ చిన్నదనం చూసి పడినంత భయం ఆమె ఎప్పుడూ పడలేదు.

“ప్రీతి ఒంటిగా చేనికి పోతాదా?” అంది, కూతుర్ని కాదు, గోడను అడిగినట్టు.

“పోదు. నువ్వు పోనిస్తావా?”

“అదీ పోదు.”

చెప్పు చేత్తో పట్టుకుని ఆమె వీధిలో పరిగెత్తుతుంటే చిన్నక్క గోడ మీంచి కేకేసింది, “ఎవుర్ని కొట్టడానికే శోభా, చెప్పెత్తుకుని?” శోభారాణి ఆగలేదు.

పాలకేంద్రం ముందు సుదర్శన్ టపాకాయలు పంచుతున్నాడు. ఐదున్నర దాటింది. ఎండ కొండ పైకి ఎక్కిపోయింది.

“సుదర్శనా, ఆ ఫోటోలో చెప్పు నీదేనా?”

“ఏంది వదినా ఇప్పుడు? పనిలో ఉండాము.”

“నీదేనా అని అడగతాండా.”

అతను ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు. మొహంలో ఏదో కదిలింది. “నేను బూట్లేసుకుని పోయింటి. గట్టు మీద ఒగ చెప్పు పడుంటే, కొలతకుంటాదని పెట్టినా. ఎవురిదైతే ఏమి?”

“దాసప్పన్న నీ నంబరడిగితే తొమ్మిదంటివే!”

“నా నంబరు అడిగినాడు. సెప్పినా.”

ఆమె వంగి చెప్పును అతని కాలి బూటు పక్కన ఆనించి పట్టుకుంది. నిలబడ్డవాళ్ళందరూ చూశారు. బూటు మూడో వంతు పైనే ముందుకు మిగిలింది. ఎవరూ నవ్వలేదు.

“మంజు లెక్కేసింది. ఐదడుగుల ఏడంగుళాలు. అది పెద్దాయన కాదు. పిల్ల.”

“ఐతే మంచిదే గదమ్మా,” అన్నాడు ఒకాయన. “సిన్నదైతే ఇంకా సుళువుగా పోతాది.”

“నీ మనవరాలు తప్పిపోయి ఎవురో తరుంతాంటే మీ కోడలు సుళువుగా పోతాదా సిన్నాయనా?”

సుదర్శన్ అప్పటికే దాసప్పకు ఫోను కలిపాడు. చెప్పు సంగతి, మంజు లెక్క చెప్పాడు. 

“ఐదారేండ్ల పిల్ల,” అన్నాడు దాసప్ప. “తల్లిని ఇడిసి ఇరవై బారలు కూడా పోదు. పిల్ల చేని గట్టుకొచ్చిందంటే పగలంతా మంద ఆ వంక కాడ లంటానా పొదల్లోనే పండుకోనుంటాది. వంక కాడ ఎవురన్నా ఉండారా?”

సుదర్శన్ శోభారాణి వైపు చూశాడు.

“మురళి ఉండాడు,” అంది శోభారాణి.

“లేపుకోని రాండి. ఇప్పుడే. ఒగరే పోవాల. అరసద్దు. పేరు పెట్టి పిలసద్దు. టార్చి ఎయ్యొద్దు. పొద్దు మునిగినాక అవి లేస్తాయి.”

“నేను పోతా,” అన్నాడు సుదర్శన్. అన్నాడు గానీ చేతిలో సరాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. అతను దాన్ని బల్ల మీద పెట్టేసరికే ఆమె రోడ్డు దాటింది.

రాగిచేను పక్కన కాలిబాట. కంకులు నడుం దాకా ఉన్నాయి. శోభారాణి చెప్పులు విప్పి గట్టు మీద పెట్టేసింది. చప్పుడవుతాయని. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. రెండో చేతిలో ప్రీతి చెప్పు అలాగే ఉంది, అది ఉన్న సంగతి కూడా ఆమెకు గుర్తు లేదు.

మురళి పేరు ఆమె గొంతులో ఉంది. పళ్ళ వెనకదాకా వచ్చి నిలబడింది. రోజుకు వందసార్లు, అవసరమున్నా లేకున్నా పిలిచే పేరు. పెదాలు బిగబట్టి మింగింది. ఒక గులకరాయి కాలికింద జారితే, ఊపిరి పట్టి పది అంకెలు లెక్కపెట్టింది. పిట్టలు అరవడం లేదు. ఆ వేళకు ఆ వంకలో పిట్టల గోల చెవులు పగిలేట్టుంటుంది.

అప్పుడు వాసన తగిలింది. పశువుల కొట్టంలో వానకు తడిసిన గడ్డి వాసన లాంటిది, కానీ పది కొట్టాలంత. గాలి అటునుంచి ఇటు వీస్తూ ఉంది.

మురళి బండ మీద, ఊరివైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. మొదటి టపాకాయ కోసం చూస్తూ. పక్కన బండ కింద సరం, సరం మీద అగ్గిపెట్టె, గాలికి పోకుండా దాని మీద చిన్న రాయి. అతని వెనక లంటానా పొదలు నల్లబడుతున్నాయి. ఆ నలుపులో ఒక చోట, మిగిలిన పొదల కంటే కొంచెం బూడిదరంగు ఎక్కువగా ఉంది. అది గాలికి ఊగడం లేదు. ఒకసారి మాత్రం, విసనకర్ర తిప్పినట్టు, ఒక అంచు ముందుకీ వెనక్కీ ఆడింది.

శోభారాణి దాన్ని చూసింది. చూసి, కళ్ళు మొగుడి మీదికి తిప్పుకుంది. అటు చూస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. నాలుగడుగులు. మూడు. అతని భుజం మీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడి నోరు తెరిచాడు. ఆ నోటి మీద చిన్నపిల్ల చెప్పు అడ్డంగా పెట్టి నొక్కింది.

అతను ఆమె మొహం చూశాడు.  పదిహేనేళ్ళ కాపురంలో ఆ మనిషి భయపడగా ఎన్నోసార్లు చూశాడు, ఇట్లా మాట లేకుండా భయపడగా చూడలేదు. మెల్లగా లేచాడు. అగ్గిపెట్టె కోసం వంగబోతే ఆమె చొక్కా పట్టి లాగింది. ఇద్దరూ వచ్చిన దారినే, ఒకరి వెనక ఒకరు, కంకులు కదలకుండా నడిచారు. సగం దూరంలో వెనక ఒక కొమ్మ విరిగింది. తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం ఊళ్ళో ఒక్క టపాకాయ కూడా మోగలేదు. వాకిళ్ళు ముందే పడ్డాయి. చేలో కంకులు తెగుతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతుంటే మురళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆర్నెల్ల కష్టం పటపటమంటూ పోతూ ఉంది. ‘పోనీలే’ అని అతనూ అనలేదు, ఆమె కూడా అనలేదు.

శనివారం తెల్లవారి దాసప్ప వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో తువాలు. ఆయన ముందు, ఊరు వెనక, అందరూ వంక దగ్గరికి పోయారు. చేను సగం చాప పరిచినట్టు పడిపోయి ఉంది. దాసప్ప వంగి నేలను చదువుకుంటూ వేళ్ళు మడిచాడు. ఏడు. అందులో రెండు పిల్లలు.

మురళి కూర్చున్న బండ దగ్గర ఆగాడు. బండ కింద మెత్తటి మట్టిలో, సరం పెట్టిన చోటే, ఒక అడుగు. దాని పక్కన, దాని నీడలోనే ఉన్నట్టు ఇంకో చిన్న అడుగు.

శోభారాణి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రీతి చెప్పును చిన్న అడుగుకు అడ్డంగా పెట్టింది. ఒకటిన్నర చెప్పు, సరిగ్గా. తరవాత పెద్దదానికి పెట్టింది. ఒకటి. జరిపి మళ్ళీ పెట్టింది. రెండు. పైన ఒక వేలెడు మిగిలింది. గుంట నడుమ చితికిన సరం మీద పాలిథిన్ కవరులో అగ్గిపెట్టె, కాగితంలా పలచగా, మట్టిలోకి దిగి ఉంది. పుల్లలు పొడిపొడిగా కవరులోంచి కనబడుతున్నాయి.

ఎత్తు లెక్క ఎవరూ అడగలేదు. మురళి ఆ అగ్గిపెట్టెను తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సుదర్శన్ ఫోను తీశాడు, వంగి ఫోటో పట్టాడు. గ్రూపులో పెట్టబోతూ ఆమె వైపు చూశాడు.

“కింద రాయప్పా,” అంది శోభారాణి. “ఆరేండ్ల బిడ్డ చెప్పు, పద్దెనిమిది సెంటీమీటర్లు అని.”

అతను రాశాడు. రాసింది ఆమెకు చూపించి గానీ పంపలేదు.

ఎండ పొదల మీదికి వచ్చింది. దాసప్ప తువాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.  చిన్నక్క శోభారాణి పక్కన చేరి, చెయ్యి పట్టి లేపింది.

“ఏమ్మే శోభా, ఇంగేమన్నా బయముందా నీకు?”

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. మురళి చూశాడు, సుదర్శన్ చూశాడు, దాసప్ప కూడా తల ఎత్తాడు. మొన్న పాలకేంద్రం ముందు నవ్విన వాళ్ళందరూ ఆమె ఏం చెబుతుందా అని నిలబడి ఉన్నారు.

శోభారాణి చెప్పుకు అంటిన మట్టిని చీర చెంగుతో తుడిచింది. వెనక్కి తిరిగి, ఇంకా నిలబడే ఉన్న కంకుల వైపు చూసింది.

“చేను సగం మిగిలే ఉండాది గదమ్మా, మళ్ళా వస్తాయి.”